మేం ఆగక తప్పలేదు, మీరెందుకు ఆగుతున్నారు?

మా రోజుల్లో కంటి ఓపీలో పొద్దస్తమానం వినబడే మాట ఒకటుండేది: "ఇంకా ముదరాలి." శుక్లం ముదరాలి, అప్పుడే తీస్తాం, నూర్పిళ్లయ్యాక రా తాతా అనేవారు డాక్టరుగారు. తాత తలూపి, తువ్వాలు దులుపుకుని బస్సెక్కేవాడు. అప్పటి ఆపరేషన్‌కి అది సరైన మాటే. కంట్లో లెన్సు పెట్టడం ఇంకా మన ఊళ్లకు రాలేదు. శుక్లం తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు చేతికిచ్చేవాళ్లు. అందుకని చూపు బాగా మందగించేదాకా కత్తి పట్టేవాళ్లు కారు. ఆలస్యమైనా చాలామందికి చూపు తిరిగొచ్చేది.

అలా రెండు తరాల మనుషులకి కన్ను ఆగుతుందన్న నమ్మకం ఒంటబట్టింది. నా కోపమంతా ఆ నమ్మకం మీదే. శుక్లం కన్ను ముందు భాగంలో వచ్చే జబ్బు. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పల్చని పొర రెటీనా, దాని నడిబొడ్డున అయిదారు మిల్లీమీటర్ల మేర ఉన్న చోటు మాక్యులా. అక్షరం చదవాలన్నా, మనవరాలి మొహం గుర్తుపట్టాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా పని చెయ్యాల్సింది ఆ చోటే. అక్కడ చచ్చిపోయిన కణం మళ్లీ పుట్టదు. దాని దగ్గర "చూద్దాంలే" అన్న మాట చెల్లదు. అయినా ఇవాళ్టికీ ఇళ్లల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ పథకాల్లో చెలామణీ అవుతున్నది ఆ మాటే.

నేను డాక్టర్ని కాను. ఒక ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ఫోటోగ్రాఫర్‌గా చేరి, ఫోటోగ్రాఫర్‌గానే రిటైరయ్యాను. ఉద్యోగమంతా రెటీనాలు ఫోటో తీయడంతోనే గడిచింది. కాబట్టి జబ్బు గురించి కాకపోయినా, జబ్బును చూడటం గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

ఆ రోజుల్లో ఒక మాక్యులా ఫోటో తీయడమంటే ఎంత తతంగమో ఇప్పటివాళ్లకు తెలియాలి. ముందు చుక్కల మందు వేసి కనుపాప విప్పారేదాకా బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లం. తర్వాత ఫ్లోరసీన్ అనే పసుపు మందును మోచేతి మడత దగ్గర నరానికి ఎక్కిస్తే, పది పదిహేను సెకన్లలో కంటి వెనక రక్తనాళాల్లోకి చేరుతుంది. నీలి ఫిల్టర్ వేసిన ఫ్లాష్ కొడితే ఆ మందు పచ్చగా వెలుగుతుంది. ఆ వెలుగును బ్లాక్ అండ్ వైట్ రోల్ మీద పట్టుకోవాలి, మొదట్లో సెకనుకో ఫోటో చొప్పున. పేషెంటు రెప్ప వేస్తే ఆ సెకను పోయినట్టే, మళ్లీ రాదు. అర నిమిషం దాటాక కొందరికి కడుపులో తిప్పేది. పక్కన ఒక బేసిన్, అలర్జీ వస్తే ఇవ్వడానికి ఇంజెక్షన్లు సిద్ధంగా ఉంచేవాళ్లం. ఒళ్లూ మూత్రమూ మర్నాటిదాకా పచ్చగా ఉంటాయని ఒకటికి రెండుసార్లు చెప్పాలి. చెప్పకపోతే, కామెర్లు వచ్చాయని ఆ రాత్రే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చేవాళ్లు.

ఆ తర్వాత డార్క్‌రూమ్. డెవలపర్, హైపో, నీళ్లు. మే నెలలో కుళాయి నీళ్లే సలసలమంటుంటే ఫిల్మ్ పాడవకుండా ఐసు కొని తెచ్చి ట్యాంకు చుట్టూ పేర్చేవాణ్ణి. నెగెటివ్ ఆరాక లైట్‌బాక్స్ మీద పరిచి, డాక్టరుగారూ నేనూ భూతద్దంతో ఒక్కొక్క ఫ్రేమూ చూసేవాళ్లం. మందు ఎక్కడ కారింది, ఏ ఫ్రేములో మొదలైంది, ఎంత మేర పాకింది, ఇవన్నీ ఆయన పైకి చదువుతుంటే నేను రాసేవాణ్ణి. 1970లో అమెరికా డాక్టరు డోనాల్డ్ గాస్ వేసిన మాక్యులా జబ్బుల అట్లాస్ మా డాక్టరుగారి బల్ల మీద ఎప్పుడూ ఉండేది. అట్ట ఊడిపోతే నేనే బైండు చేయించాను.

ఆ పరీక్ష పుట్టుక కూడా తెలుసుకోదగ్గది. ఇండియానా యూనివర్సిటీలో హెరాల్డ్ నొవోట్నీ, డేవిడ్ ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఆల్విస్ చేతికే మందు ఎక్కించి, ఆయన కన్నే ఫోటో తీశారు. కంటి వైద్యుల పత్రిక వాళ్ల వ్యాసాన్ని తిప్పి పంపింది. చివరికి 1961లో గుండె వైద్యుల పత్రిక అచ్చు వేసింది. ఇద్దరు కుర్రాళ్లు తమ ఒంటి మీదే ప్రయోగం చేసుకుని తెచ్చిన పద్ధతి మా దాకా వచ్చింది. దాన్ని మేం పూజగా చేశాం.

ఇంత చేసి మేం పట్టుకున్నది ఎప్పుడూ ముదిరిన జబ్బునే. మందు కారుతోందంటే అప్పటికే మాక్యులా కింద కొత్త రక్తనాళం మొలిచింది, నీరో రక్తమో చేరింది. చూపు దెబ్బతిన్నాకే మనిషి మా గదికి వచ్చేవాడు. తొలి దశలో ఉన్నవాణ్ణి ఎవరూ పంపేవారు కారు. పంపినా చెయ్యగలిగిందీ లేదు. 1980లలో కారుతున్న నాళాన్ని లేజరుతో కాల్చేవాళ్లు. నాళంతోపాటు ఆ మేర రెటీనా కూడా కాలిపోయేది. సరిగ్గా నడిమధ్యన ఉన్న నాళాన్ని కాలిస్తే ఆ రోజే చూపు ఇంకా తగ్గేది. 2000లో అమెరికాలో అనుమతి పొందిన వెర్టిపోర్ఫిన్ మందుతో చేసే చల్లని లేజరు చికిత్స కాస్త నయం. అది కూడా ఉన్నదాన్ని కొన్నాళ్లు నిలబెట్టేదే గాని పోయిందాన్ని తెచ్చిపెట్టేది కాదు. "వయసమ్మా, దేవుణ్ణి తలుచుకో" అని డాక్టరుగారు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను కెమెరా తుడుస్తున్నట్టు అటు తిరిగేవాణ్ణి.

మామ్మగారొకావిడ నాకు బాగా గుర్తు. శుక్లం ముదిరేదాకా ఆగమన్నారు, ఆగింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పాక చుట్టూ ఉన్నవాళ్ల చీర అంచులు, మంచం కోళ్లు, తలుపు గడియ అన్నీ చెబుతోంది. ఎదురుగా నిలబడ్డ కొడుకు మొహం మాత్రం కనబడలేదు. శుక్లం అడ్డు తొలగింది కాబట్టి అప్పుడే కంటి వెనక చూడగలిగాం. మాక్యులా నిండా పాత మచ్చ. శుక్లం ముదురుతున్న ఆ ఏళ్లలోనే వెనక ఆ జబ్బు తన పని ముగించుకుంది. వాళ్ల ఊళ్లో మాత్రం ఆపరేషన్ పాడుచేశారన్నారు. ఆ మాట పడ్డ డాక్టరుగారు మచ్చలేని చెయ్యిగల మనిషి.

అందుకే ఓసీటీ యంత్రం వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ అని పూర్తి పేరు. 1991లో ఎం.ఐ.టి.లో జేమ్స్ ఫుజిమోటో, డేవిడ్ హువాంగ్ బృందం దాన్ని సైన్స్ పత్రికలో ప్రకటించింది. 1996లో జైస్ కంపెనీ యంత్రం అమ్మకానికి వచ్చింది. సూది లేదు, మందు లేదు, కన్నును తాకేది లేదు. కంటికి కనబడీ కనబడని ఎర్రటి వెలుగును లోపలికి పంపి, ఏ లోతు నుంచి ఎంత తిరిగొస్తోందో కొలిచి బొమ్మ గీస్తుంది. మా ఫోటో రెటీనాను పైనుంచి చూపించేది. ఈ యంత్రం ఆత్రేయపురం పూతరేకును నిలువునా కోసి పక్కనుంచి చూపించినట్టు పొరపొరా విడదీసి చూపిస్తుంది. మొదటి యంత్రాలు పది మైక్రాన్ల తేడా పట్టేవి. 2006 నుంచి వచ్చినవి అయిదు మైక్రాన్లు పడుతున్నాయి. మాక్యులా నడిమధ్య గుంటలో రెటీనా మందం దాదాపు 200 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు. అందులో చేరిన నీటి చుక్క కూడా నల్లగా కనబడిపోతుంది. మేం ఏళ్ల తరబడి నెగెటివ్ మీద మరకను చూసి ఊహించిన ఉబ్బు అక్కడ తెర మీద కొలతతో సహా ఉంది.

ఆ సంతోషం వల్లే ఇప్పుడింత బాధ. యంత్రం పెద్ద ఊళ్లలో వీధికొకటి ఉంది, మనుషులు మాత్రం మా కాలంలో వచ్చినంత ఆలస్యంగానే వస్తున్నారు.

వయసుతో వచ్చే మాక్యులా జబ్బు రాత్రికి రాత్రి ఊడిపడదు. రెటీనాను పోషించే పిగ్మెంట్ పొర అడుగున కొవ్వు, ప్రోటీన్ల చెత్త పసుపు చుక్కలుగా పేరుకుంటుంది. డ్రూజెన్ అంటారు. 63 మైక్రాన్ల లోపు చుక్కలు వయసుతో చాలామందికి వచ్చేవే. 63 నుంచి 125 దాకా ఉంటే అది తొలి దశ. 125 దాటినా, పక్కన రంగు మారినా మధ్య దశ. ఈ దశల్లో మనిషికి దాదాపు ఏమీ తెలియదు. పేపరు చదువుతాడు, బండి నడుపుతాడు. మహా అయితే ఎండలోంచి ఇంట్లోకి వచ్చినప్పుడు కళ్లు సర్దుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంది. ఎవరికీ తెలియని ఆ సమయంలోనే కెమెరాకి అన్నీ తెలుస్తాయి. మామూలు రంగు ఫోటోలో చుక్కలు కనబడతాయి. ఓసీటీలో వాటి ఎత్తు తెలుస్తుంది. ఆటోఫ్లోరసెన్స్ ఫోటోలో పిగ్మెంట్ పొర ఎక్కడ అలిసిపోయిందో, ఎక్కడ చచ్చిపోయిందో వేరువేరుగా అగుపిస్తుంది. రంగుమందు ఎక్కించకుండానే రక్తనాళాల పటం గీసే ఓసీటీ యాంజియోగ్రఫీ కూడా వచ్చేసింది. ఇన్ని కళ్లు పెట్టుకుని కూడా, చూపు పోయిందని మనిషి తనంతట తాను వచ్చేదాకా ఆగడమేమిటి?

పోనీ మా రోజుల్లాగా వైద్యం లేదా అంటే, ఉంది. 2005లో మయామీలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే డాక్టరు పెద్దపేగు కాన్సరుకిచ్చే బెవాసిజుమాబ్‌ను కంట్లోకి ఇచ్చి చూశారు. నీరు తగ్గింది. మరుసటేడు కంటికోసమే తయారైన రానిబిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. 2015లో మన దేశపు కంపెనీ ఇంటాస్ దానికి సాటివచ్చే మందును తక్కువ ధరకు తెచ్చింది. కొత్త రక్తనాళం మొలిచి కారే తడి రకం మాక్యులా జబ్బును నెలకొక ఇంజెక్షన్ చొప్పున మొదట మూడు ఇచ్చి, తర్వాత స్కాన్ చూసుకుంటూ అదుపులో పెడుతున్నారు. చాలామందికి చూపు నిలుస్తోంది, కొందరికి పెరుగుతోంది కూడా. అయితే మచ్చ కట్టకముందే పడాలి ఆ ఇంజెక్షన్. నెలలు కాదు, వారాలు లెక్కలోకి వస్తాయి.

మా వీధిలో ఒక లెక్కల మాస్టారున్నారు. తలుపు చట్రం మధ్యలో వంగినట్టు కనబడుతోందని కొడుకుతో ఫోన్లో చెప్పారు.

"వయసు కదా నాన్నా, అద్దాలు మారుద్దాంలే. దసరాకి వస్తున్నాగా" అన్నాడు కొడుకు.

"తొందరేం లేదులేరా" అన్నారు ఈయన. కన్ను ఆగుతుందన్న పాత నమ్మకమే.

దసరాకి కొడుకొచ్చాడు, అద్దాల షాపుకి తీసుకెళ్లాడు, అద్దాలు మార్చారు, చట్రం వంకర పోలేదు. దీపావళి దాటాక స్కాన్ తీయిస్తే మాక్యులా కింద రక్తం గడ్డకట్టి మచ్చకి దిగుతోంది. ఆ కొడుకు చెడ్డవాడు కాదు. తండ్రికి మందులు, కూరలు, కరెంటు బిల్లు అన్నీ బెంగళూరు నుంచే ఫోన్లో చూసుకుంటాడు. నిలువు గీత వంకరగా కనబడిందంటే వారంలోపు రెటీనా డాక్టరు దగ్గరుండాలని అతనికెవరూ చెప్పలేదు, అంతే. గుండెలో నొప్పంటే అర్ధరాత్రి కారు తీసే ఇళ్లలో ఈ సంగతి ఎందుకు తెలియదు? అద్దాల షాపులో కూర్చున్నాయనైనా ఒక్కసారి కన్ను మార్చి కన్ను మూసి అడిగి ఉండకూడదా?

శిబిరాల సంగతికొస్తాను. మా కాలంలో డాక్టర్ పి. శివారెడ్డిగారి లాంటివాళ్లు ఊరూరా కంటి శిబిరాలు పెట్టారు. బడి గదుల్లో వరసగా మంచాలు వేసి ఆపరేషన్లు చేశారు. 1976లో దేశమంతటికీ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. అప్పటి గుడ్డితనంలో అధికభాగం శుక్లానిదే కాబట్టి డబ్బూ మనుషులూ అటే వెళ్లడం న్యాయం. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు వచ్చింది. మరుసటేడు అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో పథకం పెట్టారు. లక్షల మందికి కళ్లద్దాలు అందాయి, నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. కాని అక్షరాల చార్టు, అద్దాల పెట్టె, శుక్లం ఉందో లేదో చూసే టార్చి, వీటి దగ్గరే మన చూపు ఆగిపోయింది. చార్టులో అన్ని వరసలూ చదివేసిన మనిషి మాక్యులాలో పెద్ద చుక్కలు ఉండొచ్చు. అలాంటి మనిషికి "నీ కళ్లు బాగున్నాయి" అని చెప్పి పంపేస్తే, మళ్లీ కొన్నేళ్లదాకా ఎవరు పిలిచినా రాడు.

షుగరు ఉన్నవాళ్ల విషయంలో ఇది ఇంకా ఘోరం. వాళ్లకి చుక్కలతో పనిలేదు, మాక్యులాలో నేరుగా నీరే చేరుతుంది. టైప్ 2 షుగరని తేలిన రోజునే కంటి వెనక చూడాలి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి చూడాలి. నెలనెలా వేలికి సూది గుచ్చుకుని అంకెలు రాసుకునేవాళ్లలో, కనుపాపకు మందు వేయించుకుని కంటి వెనక చూపించుకున్నవాళ్లు ఎంతమంది? నేను ఎవరింటికెళ్లినా అడుగుతుంటాను. "చూపు బాగానే ఉందిగా బాబాయ్" అంటారు.

స్కాన్ గదులకు కూడా చెప్పాల్సింది ఉంది. పేషెంటు గడ్డం ఆనించగానే "కదలకండి, అయిపోయింది, దిగండి." బొమ్మ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల మందం పటం ఒకటి ప్రింటై ఫైల్లోకి వెళ్తుంది. ఆ పటం అడుగున పదుల కొద్దీ కోతలుంటాయి. అసలు సంగతి ఆ కోతల్లో ఉంటుంది. పొరల హద్దు యంత్రం తానే గీస్తుంది. లోపల నీరో రక్తమో ఉంటే ఆ గీత తప్పుదారి పడుతుంది, రంగులు అబద్ధం చెబుతాయి. మందం మామూలుగానే ఉందని ఆకుపచ్చ చూపించిన చోట, పక్క కోతలో సన్నని నీటిపాయ ఉండొచ్చు. ఒక్కొక్క ఫ్రేమూ భూతద్దంతో చదివిన చేతులు మావి. ఇప్పుడు వేలు ఒక్కసారి జరిపితే కోతలన్నీ కదులుతాయి, అంత మాత్రం తీరిక లేకుండా పోయింది. గదికి రోజుకి అన్ని కళ్లు అప్పగించే యాజమాన్యాలదే ఇందులో పెద్ద తప్పు, కుర్రాళ్లని నేను ఎక్కువ అనను. బొమ్మని పేషెంటుకి చూపించకపోవడం మాత్రం నేను ఒప్పుకోను. మేం తడి నెగెటివ్ పట్టుకుని, "ఇదిగో పెద్దాయనా, ఇక్కడ కారుతోంది" అని చూపించేవాళ్లం. తన కంట్లో నల్లటి నీటి మడుగు తన కళ్లతో చూసినవాడు రెండో ఇంజెక్షన్ తర్వాత మానెయ్యడు. చూడనివాడు "కాస్త కనబడుతోందిగా, చాల్లే" అని మానేస్తాడు. మానేసి మళ్లీ అన్నీ పోగొట్టుకుని వస్తాడు.

ఇక కంప్యూటరే ఫోటో చదివి జబ్బు చెబుతుందంటున్నారు. చెబుతుంది, నేను కాదనను. 2016లో గూగుల్ వాళ్లు షుగరు రెటీనా ఫోటోలు చదివించి చూపించినప్పుడు, అందులో మన అరవింద్, శంకర నేత్రాలయ ఆసుపత్రుల ఫోటోలూ ఉన్నాయి. 2018లో లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి స్కాన్లతో డీప్‌మైండ్ వాళ్లు, ఎవర్ని ఎంత తొందరగా డాక్టరుకి చూపించాలో నిపుణులకు సాటిగా చెప్పే పద్ధతి తయారుచేశారు. మంచిదే. కాని కంప్యూటరు ఎర్ర గుర్తు పెట్టిన మామ్మని ఫోన్ చేసి పిలిచేదెవరు? బస్సెక్కించి జిల్లా ఆసుపత్రికి తెచ్చేదెవరు? వెంట వచ్చినవాడి ఆ రోజు కూలి ఎవరిస్తారు? మా ఆసుపత్రిలో రానివాళ్లకి కార్డు ముక్క రాసి పోస్టులో వేసేవాళ్లం. జవాబు రాకపోతే ఆ ఊరి నర్సమ్మకి రాసేవాళ్లం. ఆ పని ఇప్పుడు ఎవరి పేరనా లేదు.

మందుల షాపుల్లో కళ్లకు మంచిదని అమ్మే మాత్రల మీదా నాకు కోపముంది. అమెరికా జాతీయ నేత్ర సంస్థ చేయించిన పెద్ద అధ్యయనం 2001లో తేల్చింది ఇదీ: మధ్య దశకు చేరినవాళ్లలో, ఒక లెక్క ప్రకారం కలిపిన విటమిన్లు, జింకు వాడితే జబ్బు ముదిరే ప్రమాదం అయిదేళ్లలో నాలుగో వంతు తగ్గింది. చుక్కలు లేనివాడికీ, తొలి దశవాడికీ ఆ లాభం కనబడలేదు. అందులోని బీటా కెరోటిన్ పొగతాగేవాళ్లకి ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు పెంచుతుందని, 2013 నాటి రెండో అధ్యయనం తర్వాత దాని బదులు ల్యూటిన్, జియాజాంతిన్ పెట్టారు. అంటే మాత్ర వేసుకోవాలో వద్దో తెలియాలన్నా ముందు ఫోటో కావాలి. ఫోటో తీయకుండా సీసాలు అంటగట్టడం పెద్దవాళ్ల పింఛను డబ్బు దోచుకోవడమే.

పొగ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1996 నుంచి 2000 దాకా హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. నలభై దాటినవాళ్లలో నూటికి దాదాపు ఇద్దరికి మాక్యులా జబ్బు తేలింది. చుట్టలు ఎక్కువగా కాల్చేవాళ్లలో అది ఎక్కువని కూడా ఆ లెక్కలే చూపించాయి. మన చుట్టల సంగతి మన గడ్డ మీదే తేలి ఎన్నో ఏళ్లయింది. ఎన్ని ఆరోగ్య కేంద్రాల గోడల మీద రాశారు?

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష కూడా పాతదే. స్విట్జర్లాండు డాక్టరు మార్క్ ఆమ్స్‌లర్ 1940లలో ఇచ్చిన గళ్ల కాగితం. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, చదివే దూరంలో పట్టుకుని, మధ్య చుక్కనే చూడాలి. గీతలు వంగినా, గళ్లు మాయమైనా ఆగకూడదు. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కన్ను లోపాన్ని కప్పేస్తుంది, అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియదు. కాగితం లేకపోతే కిటికీ చువ్వలు చాలు. ఇది చుక్కలున్నట్టు తేలినవాళ్లు జబ్బు ముదురుతోందా అని కనిపెట్టుకోవడానికి. తొలి దశ దీనికి చిక్కదు, దానికి కెమెరాయే కావాలి.

కెమెరా తేలేమా? వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే రేషన్ షాపులోనూ, పింఛను దగ్గరా ఐరిస్ యంత్రం పెట్టి ముసలివాళ్ల కన్ను ఫోటో తీస్తున్నారు. మనిషి వాడేనా కాదా అని తేల్చుకోవడానికి కన్ను ముందు భాగాన్ని ఫోటో తీసే ఏర్పాటు పల్లెలదాకా వెళ్లింది. కంటి వెనక ఫోటో తీసే చేతి కెమెరాలు పక్కనున్న బెంగళూరులోనే తయారవుతున్నాయి. మండలానికొకటి కొని, అరవై దాటినవాళ్లకీ షుగరున్నవాళ్లకీ ఏడాదికొక్కసారి రెండు కళ్లూ తీయండి. శుక్లం ఆపరేషనైన నెలకి అద్దాలు రాయడానికి ఎలాగూ పిలుస్తారు, ఆ రోజే కనుపాపకు మందు వేసి ఒక ఫోటో తీయండి. తేడా ఉన్నవాళ్లని పెద్దాసుపత్రికి పంపి ఓసీటీ తీయించండి, పేరూ ఊరూ రాసుకుని, రానివాళ్లకి ఫోన్ చెయ్యండి. ఫోటోలు తీయడం నేర్పడానికి నాలాంటి రిటైరైనవాళ్లం ప్రతి జిల్లాలోనూ ఉన్నాం, పిలిస్తే జీతం అడగకుండా వస్తాం.